శుక్రవారం వెల్లుల్లి వాసన

ఎరాల్ అప్పల్రాజుకు వెల్లుల్లి వాసన అంటే భయం.

తినడానికి కాదు. వెల్లుల్లి చట్నీ లేకపోతే అతనికి అన్నం దిగదు. కానీ వంటింట్లో భార్య సరస్ కాగిన నూనెలో వెల్లుల్లి వేసినప్పుడల్లా, అతను ఎక్కడున్నా చేతిలో పని ఆపుతాడు. తల ఎత్తి గరాజు వైపు చూస్తాడు. ఎసిటిలీన్ గ్యాసు కారితే వచ్చేది కూడా ఆ వాసనే. ముక్కు రెంటికీ తేడా చెప్పలేదు. వంటింటి కిటికీలోంచి పొయ్యి మీద మూకుడు కనిపించాకే అతను మళ్లీ పనిలో పడతాడు.

డర్బన్‌కు ఉత్తరాన, అవోకాలో, కొండవాలు మీద వాళ్ల ఇల్లు. వారమంతా అతను మొబేనిలో బస్సులకు బాడీలు కట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు. శని, ఆదివారాలు ఇంటి గరాజులో తుప్పు పట్టిన కార్లు బాగుచేస్తాడు. సముద్రపు గాలికి ఆ ఊళ్లో ఏ కారూ ఎక్కువ కాలం నిలవదు. తలుపు అడుగున, చక్రం పైనుండే వంపులో, కాళ్లు పెట్టుకునే నేల కింద ముందు రంగు ఉబ్బుతుంది. తర్వాత పొర లేస్తుంది. నొక్కితే వేలు లోపలికి పోతుంది. ఆ చచ్చిన రేకును కోసి తీసి, అక్కడ కొత్త రేకు అతకడం అతని పని.

కోయడానికి గ్యాసు టార్చి ఉంది. టార్చికి రెండు బాటిళ్లు, ఒకటి ఆక్సిజన్, ఒకటి ఎసిటిలీన్. గరాజు మూలన, గోడకు గొలుసుతో కట్టి నిలబెట్టి ఉంటాయి. ఆ గోడకు అవతలి పక్క అతని తల్లి అంకమ్మ మంచం.

అంకమ్మకు డెబ్బై దాటాయి. ఆ ఇంట్లో తెలుగు ఆమె కోసమే మిగిలింది. వాళ్ల అవ్వ ఓడలో తెచ్చుకున్న మాటలు చెరకు తోటల్లో అరిగిపోయి, ఇంగ్లీషుతోనూ జూలూతోనూ కలిసి, ఇంకా ఆమె నోట్లో ఉన్నాయి. ఎరాల్ ఆమెకు ఆ మాటల్లోనే జవాబు చెప్తాడు. పెద్ద సంగతి ఏదైనా చెప్పబోతే సగంలో అతని దగ్గర మాటలు అయిపోతాయి.

శుక్రవారం ఆ ఇంట్లో మాంసం, వెల్లుల్లి పొయ్యి ఎక్కవు. సాయంత్రం దీపం పెట్టాక అంకమ్మ పిడి ఉన్న ఇత్తడి గిన్నెలో బొగ్గు నిప్పులు వేసుకుంటుంది. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఇల్లంతా తిరుగుతుంది. దేవుడి మూల, వంటిల్లు, పడక గదులు. చివర గరాజు. గరాజులో ఎక్కువసేపు నిలబడుతుంది. ఇంటికి కూడు పెట్టేది ఆ గది అని ఆమె నమ్మకం. మూలమూలకూ గిన్నె చాపుతుంది. బాటిళ్లున్న మూలకు కూడా.

కొన్నేళ్లుగా ఆమెకు వాసనలు తెలియడం లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు. సాంబ్రాణి వాసన రాలేదని ఇంకొంచెం చల్లుతుంది. అప్పటికీ రాలేదని ఇంకొంచెం. పొగలో సరస్ దగ్గుతూ కిటికీలు తెరుస్తుంది.

అందుకని శుక్రవారం ఎరాల్ పొద్దు గుంకకముందే ఇంటికి చేరతాడు. బాటిళ్ల వాల్వులు తిప్పి చూస్తాడు. గొట్టాల్లో మిగిలిన గ్యాసు వదిలేస్తాడు. గరాజు తలుపు బార్లా తెరిచి, గాలి ఆడేదాకా నిలబడి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు మెట్ల మీద కూర్చుంటాడు. అప్పుడు తల్లి నిప్పులు పట్టుకుని వస్తుంది. ఏళ్ల తరబడి ఈ ఏర్పాటు ఎవరికీ చెప్పకుండానే నడిచింది.

తొంభై నాలుగు మార్చిలో అది తప్పింది.

ఏప్రిల్ చివర ఎన్నికలు. దేశంలో అందరూ కలిసి మొదటిసారి ఓటు వేయబోతున్నారు. ఊళ్లో ఏదో ఒక ఊరేగింపు లేని రోజు లేదు. ఆ శుక్రవారం రోడ్లు మూశారు. మొబేని నుంచి టాక్సీ కదలలేదు. అందులో ఇరుక్కుని కూర్చున్న ఎరాల్ కిటికీలోంచి ఆకాశం రంగు చూస్తూ ఉన్నాడు. అవోకాలో దిగేసరికి ఇళ్లలో దీపాలు పెట్టేశారు.

గేటు దగ్గర వెల్లుల్లి వాసన వచ్చింది.

అతనికి ముందు ఆకలి వేసింది. పొద్దున తిన్న రొట్టె తప్ప కడుపులో ఏమీ లేదు. సరస్ చట్నీ నూరుతోంది కాబోలు అనుకుంటూ గేటు గడియ మీద చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇవాళ శుక్రవారం.

పరుగెత్తాడు. అంకమ్మ గరాజు గుమ్మంలో ఉంది. ఒక కాలు లోపల పెట్టింది. గిన్నెలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి. అతను పిడి కోసం చూడలేదు. గిన్నెను అరచేతులతోనే లాక్కున్నాడు. పెరట్లోకి ఉరికి, బట్టలారేసే తీగ కింద తడి నేల మీదకు విసిరేశాడు. నిప్పులు బుస్సుమని చల్లారాయి.

అంకమ్మ ఖాళీ చేతులతో నిలబడిపోయింది.

"యేందిరా ఇది?"

"పాము, మా," అన్నాడు. నోటికి వచ్చింది అదే. "గరాజిలో పాము ఉంది. పచ్చది. మాంబా."

"పాముంటే నా నిప్పులు యేల ఇసిరేస్తివి? నిప్పు సూస్తే పామే పోతాది గదా."

 అరచేతులు మండుతున్నాయి. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లాడు. ఎసిటిలీన్ వాల్వు పూర్తిగా బిగించి లేదు. వేళ్లాడే గొట్టం, బాటిలుకు కలిసే చోట, ఎండిపోయి పగిలి ఉంది. పోయిన ఆదివారం దాన్ని కట్టేసింది అతనే. వేరే ఎవరూ ముట్టుకోలేదు. వాల్వు బిగించాడు. తలుపు తెరిచి ఉంచి, ఆ వాసన పోయేదాకా తీగ కింద నిలబడ్డాడు. పోయిన తర్వాత కూడా నిలబడ్డాడు.

ఆ రాత్రి సరస్ అతని చేతులకు మందు రాస్తూ, ఏం జరిగిందని అడగలేదు. ఆమె ముక్కు బాగానే ఉంది.

"అమ్మకు ఏం చెప్పావు?" అంది చివరికి.

"పాము అని."

"హాయిబో, ఎరాల్! నీకు ఇంకేం దొరకలేదా?"

మర్నాడు పొద్దున గరాజు గుమ్మం పక్కన ఒక సాసరులో పాలు, ఒక కోడిగుడ్డు కనిపించాయి. సాయంత్రానికి పాలు అయిపోయాయి. ఎదురింటి పిల్లి గోడ మీద కూర్చుని మూతి నాక్కుంటోంది.

"సూసినావా? లోపలే ఉండాది," అంది అంకమ్మ. "సాంబ్రాణి పొగకి పాము నిలవదు. ఇంక శుక్రారం ఒకటే కాదు, మంగళారం కూడా ఏస్తా. నిప్పులు బాగా ఏస్తా."

ఎరాల్ మెట్ల మీద కూలబడ్డాడు.

సోమవారమంతా ఫ్యాక్టరీలో అతని కళ్లు ఒక యంత్రం మీదే ఉన్నాయి. రెండేళ్ల కిందట తెచ్చిన ప్లాస్మా కట్టర్. దానికి గ్యాసు అక్కర్లేదు. కరెంటు, కంప్రెసర్ నుంచి వచ్చే గాలి చాలు. మొన దగ్గర నీలంగా తెల్లగా ఒక సన్నని ముల్లు పుడుతుంది. రేకు మీద గీత గీసినట్టు నడుస్తుంది. టార్చితో కోస్తే పల్చటి రేకు వేడికి వంకర పోతుంది, తర్వాత సుత్తితో సరిచేయాలి. దీనితో కోస్తే వంకర ఉండదు. ఇంట్లో రంగు కొట్టడానికి కంప్రెసర్ అతనికి ఎలాగూ ఉంది. ఇప్పుడు ఇళ్లలో పెట్టుకోగలిగిన చిన్న కట్టర్లు కూడా వస్తున్నాయని విన్నాడు.

ఆ కొనుగోలు అతను ఎన్నోసార్లు మనసులో చేసి, ఎన్నోసార్లు మానుకున్నాడు. పల్చటి రేకు కోసం అయితే అది సోకు. ఇప్పుడు సంగతి వేరు.

ఆ సాయంత్రం ఎరాల్ పిలిస్తే సరస్ తమ్ముడు లోగన్ వచ్చాడు. అతను ఎలక్ట్రీషియన్. వంటింట్లో ఫ్యూజు బోర్డు మూత తీసి, లోపలికి టార్చిలైటు వేసి, చాలాసేపు నవ్వాడు.

"బావా, నీ ఇంట్లో అంత కరెంటు మోసే తీగ ఒకటే ఉంది మాన్. మా అక్క స్టవ్‌ది."

"అయితే?"

"అయితే ఏముంది? నువ్వు గరాజులో కోస్తే అక్క కూర వండకూడదు. అక్క కూర వండితే నువ్వు కోయకూడదు. రెండూ ఒకేసారి అయితే వీధంతా చీకటి."

"నేను ఆదివారం మటన్ వండకూడదా?" సరస్ లోపలి నుంచి అరిచింది. "ఆయన కార్లకి అన్నం పెడతాడు గాని మనుషులకి పెట్టడా?"

"బయట బోనులాంటిది కట్టి బాటిళ్లు అందులో పెట్టు బావా. దానికింత ఎందుకు?"

"బయట ఎక్కడ? ఉన్న జాగా అమ్మ కిటికీ కింద. బోను కడితే బోనుకి కూడా సాంబ్రాణి వేస్తది."

లోగన్ మూత పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"చూడు బావా, నవ్వులాట కాదు. నెల తర్వాత ఏమవుతుందో నీకు తెలుసా? నాకు తెలియదు. జనం కొవ్వొత్తులు కొంటున్నారు. చేప డబ్బాలు కొని మంచాల కింద పెడుతున్నారు. కరెంటు ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. నువ్వేమో బాటిళ్లు పంపేసి కరెంటు మిషన్ కొంటానంటావు. లైట్లు పోతే ఏం చేస్తావు? మూతితో ఊదుతావా?"

"అలాగని..."

"చేతిలో ఉన్న డబ్బు చేతిలో ఉంచుకో. ఊరు వదిలి వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది."

"ఎక్కడికి వెళ్తాం?" సరస్ గుమ్మంలోకి వచ్చింది. "టోంగాట్‌లో మా నాన్న ఇంటికా? అక్కడ రెండు గదులు, ఒక కోడి. కోడి ఒప్పుకోదు."

లోగన్ నవ్వాడు. ఎరాల్ నవ్వలేదు. లోగన్ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అదే అతన్ని భయపెట్టింది.

మంగళవారం అతను ఫ్యాక్టరీలో బతిమాలి ముందుగా బయటపడ్డాడు. ఎసిటిలీన్ బాటిలును బండి మీద కట్టి, వాలు ఎక్కించి, వీధిలోకి తోసుకెళ్లాడు. ఇంట్లో పొగ తిరిగినంతసేపూ దాని పక్కన కాపలా నిలబడ్డాడు. పక్కింటి సావీ కూరగాయల సంచితో వస్తూ ఆగింది.

"ఎరాల్ అన్నా, అప్పుడే పారిపోతున్నారా? సామాను ఇంతేనా?"

"లేదు, ఊరికే గాలికి."

"బాటిలుకా, గాలి?"

ఆమె నవ్వుతూనే గబగబా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి ఎదురింటి పరదా కదిలింది. ఆ రోజుల్లో వీధిలో ఒక మనిషి గ్యాసు బాటిలు పెట్టుకుని నిలబడితే ఎవరూ నవ్వి ఊరుకోరు. ఎరాల్‌కు చెమట పట్టింది. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఇలా నిలబడలేడు.

తల్లికి చెప్పేయాలి అనుకున్నాడు. మిగతాదంతా వదిలేసి ఒక్క మాట. గరాజుకు రావద్దు అని.

బుధవారం సాయంత్రం ఆమె వంటింటి బల్ల దగ్గర చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చున్నాడు. తనూ కొన్ని తీసుకున్నాడు.

"మా, ఆ గరాజి ఉంది గదా. ఇంక దానికి సాంబ్రాణి వద్దులే. ఇంట్లో వేస్తే చాలు."

ఆమె చేతులు ఆగలేదు.

"యేల?"

"అక్కడ పొగ... పెయింటు ఉంటుంది. బాగుండదు."

"మీ నాయన కూడా ఇట్లే అన్నాడు."

అతను గింజలు కింద పెట్టాడు. ఆమె ఎప్పుడూ ఆ సంగతి ఎత్తదు.

"ఇనాండాలో, మన పాత ఇంటికాడ. నేను నిప్పులు తెస్తా ఉంటే గరాజి వాకిట్లో నిలేసినాడు. ఎలకల మందు పెట్టినా, రావొద్దే, పో అన్నాడు. నేను పోయినాను. ఆ ఒక్క శుక్రారం. ఆ ఒక్కటే తప్పినాను రా నేను, పెళ్లయిన కాడినుంచి."

ఆమె ఒక కాయ విప్పింది. లోపల పురుగు ఉంది. పక్కన పెట్టింది.

"వారం తిరగలేదు. ఊరు తగలబడె."

అది ఎనభై ఐదు. ఇనాండాలో ఇళ్లు, దుకాణాలు కాలిన రోజులు. ఎరాల్ అప్పటికే పెళ్లయి అవోకాలో ఉన్నాడు. తల్లీ తండ్రీ కట్టుబట్టలతో ఒక బకీ ట్రక్కు వెనక కూర్చుని వచ్చారు. తర్వాత అతను అక్కడికి వెళ్లి చూశాడు. ఇల్లు సగం నిలిచింది. గరాజు లేదు. మంటలు చేరాక లోపలి బాటిలు పేలి, పైకప్పు రేకు ఎగిరి దూరాన జామ చెట్టులో ఇరుక్కుంది. తండ్రి ఆ రేకును దించనివ్వలేదు. మళ్లీ అక్కడికి పోలేదు. ఆయన పోయాక ఇంటికి మిగిలింది ఆయన టార్చి ఒకటే. వచ్చేరోజు చేత్తో పట్టుకొచ్చింది.

"పొగ ఏసుంటే నిలబడేదని కాదు," అంది అంకమ్మ. "నాకు తెలవదు. కానీ నేను తప్పినాను. ఇంక తప్పను. నువ్వు నన్ను ఆపవాక."

ఎరాల్ తల ఊపాడు. చెప్పాలనుకున్నది ఇంగ్లీషులో ఉంది. ఇంగ్లీషులో ఉన్నా ఉపయోగం లేదు. ఆమెను గుమ్మంలో ఆపడం అతని వల్ల కాదు. నిప్పు ఆగదు. అయితే గ్యాసు పోవాలి.

గురువారం సెలవు పెట్టాడు. శనివారం ఇనుము ఇంటికి తెస్తే అంకమ్మ ఊరుకోదు. ఊళ్లో, గ్రే స్ట్రీట్ దగ్గర టాక్సీ దిగి నడిచాడు. పేవ్‌మెంట్ల మీద కొవ్వొత్తుల పెట్టెలు పేర్చి అమ్ముతున్నారు. జనం పెళ్లికి కొన్నట్టు కొంటున్నారు. పనిముట్ల దుకాణం ముందు వంట గ్యాసు బాటిళ్ల కోసం వరస నిలబడింది. ఎరాల్ వరస తప్పించుకుని లోపలికి వెళ్లాడు.

కౌంటర్ దగ్గర ఉన్నావిడ పేరు మర్టిల్. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. అతని తండ్రి ఈ దుకాణానికి వచ్చినప్పటి నుంచి ఆమె అక్కడే ఉంది.

"ప్లాస్మానా?" అంది. "బయట వరస చూశావా? ఇవాళ పొద్దున్నించి కరెంటుతో నడిచేది అడిగినవాడివి నువ్వొక్కడివే."

"చూడటానికే వచ్చాను."

"అందరూ చూడటానికే వస్తారు, డార్లింగ్. రా."

వెనక షెడ్డులో యంత్రం ఉంది. సూట్‌కేసు కన్నా కొంచెం పెద్దది. ఆమె ఒక పాత కారు తలుపు రేకు బల్ల మీద పెట్టి, నల్ల కళ్లద్దాలు అతనికి ఇచ్చింది. ఎరాల్ మొన ఆనించి మీట నొక్కాడు. ముల్లు లేచింది. చెయ్యి మెల్లగా కదిలించాడు. రేకు ఏమీ అనకుండా రెండయింది. కోసిన అంచు పక్కనే వేలు పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది, అంతే.

కానీ అతను బల్ల కిందికి చూస్తున్నాడు. నిప్పు రవ్వలు జల్లుగా పడి, నేల మీద దొర్లి ఆరిపోతున్నాయి.

"రవ్వలు వస్తున్నాయి," అన్నాడు.

"ఇనుము కోస్తే రవ్వలు రాక పూలు వస్తాయా?"

"అదే. నిప్పు పోలేదు కదా."

మర్టిల్ అతని ముఖం చూసింది. అరచేతుల మీద కట్లు చూసింది. కొంచెం మెత్తగా మాట్లాడింది.

"చెప్పు, ఏం జరిగింది?"

అతను చెప్పాడు. ఎవరికీ అంత పూర్తిగా చెప్పలేదు. పాము దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదాలు బిగించింది, కానీ నవ్వలేదు.

"నిప్పు లేని పని నా దగ్గర లేదు," అంది. "పెట్రోల్ ట్యాంకు పక్కన దీంతో కోస్తే ఇదీ కాలుస్తుంది. నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకోవాలి. ఇంకోటి. ఈ ఊరి గాలిలో నీళ్లు ఎక్కువ. కంప్రెసర్ గాలి ఆరబెట్టకపోతే మొన వారానికొకటి తింటుంది. దానికి నీళ్లు పట్టే చిన్న బుడ్డి కట్టుకోవాలి, రోజూ నీళ్లు వదలాలి. టార్చితో నువ్వు బోల్టులు వేడి చేస్తావు, చాసిస్ వంచుతావు. ఇది ఆ పని చేయదు. ఆ పనులు పోతాయి. ఇదంతా ముందే చెప్తున్నా, తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడవొద్దు."

"సరే."

"ఇప్పుడు మీట వదిలి చూడు."

ముల్లు పోయింది. కాసేపు లోపల ఫ్యాను తిరిగి ఆగింది. ఎరాల్ వంగి ముక్కు దగ్గరగా పెట్టాడు. కాలిన రంగు వాసన. అంతే. ప్లగ్గు పీకాడు. యంత్రం ఒక పెట్టె అయింది. అందులో దాగి ఉన్నది ఏదీ లేదు. పని ఆపాక, మనిషి నిద్రపోయాక, మూలన మేలుకుని ఉండేది ఏదీ లేదు.

 లోగన్ మాటలు గుర్తొచ్చాయి. లైట్లు పోతే? ఫ్యాక్టరీ మూసేస్తే? ఓట్ల తర్వాత ఈ వీధి, ఈ దుకాణం, ఈ మర్టిల్ ఉంటారో లేదో ఎవరికి తెలుసు? లైట్లు పోతే కార్లు ఆగుతాయి. కార్లు ఆగితే బతుకు ఇరుకవుతుంది. అంతవరకు అతనికి అర్థమవుతుంది. గుమ్మంలో ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డ తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆలోచన ముందుకు సాగడం లేదు.

"బాటిళ్లు వెనక్కి తీసుకుంటారా?" అన్నాడు.

"ఇవాళా?" మర్టిల్ కళ్లజోడు పెట్టుకుంది. "ఇవాళ అయితే ముద్దు పెట్టుకుని తీసుకుంటాం."

మధ్యాహ్నం దుకాణం బకీ వచ్చి యంత్రం దించి, రెండు బాటిళ్లూ ఎక్కించుకుని పోయింది. లోగన్ వచ్చి స్టవ్ తీగ నుంచి గరాజుకు లైను లాగాడు. లాగుతున్నంతసేపూ తిట్టాడు. సరస్ ఆదివారం మటన్ శనివారం రాత్రే వండడానికి ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టు మొహం పెట్టలేదు. తండ్రి టార్చిని ఎరాల్ తుడిచి, నూనె రాసి, మేకుకు తగిలించాడు. గొట్టాలు తీసేశాడు.

మర్నాడు శుక్రవారం. ఎరాల్ తొందరగా రావాల్సిన పని లేదు. అయినా వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంకమ్మ దేవుడి మూల చూసుకుంది. వంటిల్లు, పడక గదులు తిరిగింది. చెప్పినట్టే నిప్పులు ఎక్కువే వేసింది.  అతని పక్కనుంచి గరాజులోకి వెళ్లింది. అతను లేచి వెనక నిలబడ్డాడు.

మూల దగ్గర ఆమె ఆగింది. గోడకు గొలుసు ఒట్టిదే వేళ్లాడుతోంది. బాటిళ్లు నిలిచిన చోట సిమెంటు మీద రెండు తుప్పు వలయాలు.

"యాడికి పోయినయ్యిరా ఇవి?"

"పంపేశాను, మా. ఇంక రావు."

"మరి నీ పని?"

"ఆ పెట్టె చేస్తది. కరెంటుతో."

ఆమె పెట్టె వైపు చూడలేదు. వలయాలనే చూస్తోంది. తర్వాత గిన్నెను మెల్లగా నేల మీద, సరిగ్గా ఆ మూలలో పెట్టింది. ఎప్పుడూ పెట్టలేదు. మోకాళ్ల మీద చేతులు వేసి ఊపిరి వదిలింది.

"ఈ మూలకి వచ్చినప్పుడల్లా నాకు గుండె దడే," అంది. "ఊపిరి బిగబట్టుకోని తిప్పేదాన్ని. ఇది పేలితే నేను పోతా, నా కొడుకు బతుకుతాడు గదా, నేను ముసలిదాన్ని అనుకునేదాన్ని. మానేద్దామంటే ఇనాండా అడ్డం వచ్చేది."

ఎరాల్ చెయ్యి చాచి ఆ ఒట్టి గొలుసును పట్టుకున్నాడు. 

"మీ నాయన ఎలకలన్నాడు. నువ్వు పామంటివి." ఆమె అతని చేతుల కట్ల వైపు చూసింది. "పాలు పిల్లి తాగె. నాకు కళ్లు బాగానే ఉండాయి. నువ్వు ఏమి దాస్తివో అది తెలవలేదు గాని, నీ సేతులు సూసినాను."

వంటింట్లోంచి సరస్ కేక వేసింది. "ఎరాల్! పొయ్యి వెలిగించనా వద్దా? కోస్తున్నావా?"

"ఇవాళ కోయను," అన్నాడు.

"రేపు?"

రేపు. మొదటిసారి ఇంట్లో ఆ మీట నొక్కాలి. తీగ ఓర్చుకుంటుందో లేదో. వచ్చే నెల తీగలోకి కరెంటు వస్తుందో లేదో. 

అంకమ్మ గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. పొగ మాత్రం గరాజులో నిలిచింది. అతను దాని మధ్య ఒంటరిగా నిలబడి, తెలియకుండానే తల ఎత్తి వాసన చూశాడు. సాంబ్రాణి. కాలిన రంగు. పాత నూనె. వెల్లుల్లి లేదు. శుక్రవారం, వెల్లుల్లి ఉండదు. బాటిళ్లూ లేవు. అయినా ముక్కు మూలన ఆగి, ఇంకోసారి వెతికింది.